గజ్జల్లో నొప్పి, అసలు దెబ్బ ఎముకలో: ఒక లాంగ్ డిస్టెన్స్ ట్రయథ్లెట్ కేసు

నేను స్పోర్ట్స్ ఫిజియోథెరపిస్టుని. నా దగ్గరికి ఎక్కువగా పరుగెత్తేవాళ్లు, సైకిల్ తొక్కేవాళ్లు వస్తుంటారు. ఈ కేసు రాయడానికి ఒక కారణం ఉంది. ట్రయథ్లాన్ అంటే ఈత, సైకిల్, పరుగు ఒకదాని వెంట ఒకటి చేసే పోటీ. లాంగ్ డిస్టెన్స్ ట్రయథ్లాన్‌కి తయారయ్యేవాళ్లలో గుండె, ఊపిరితిత్తులు త్వరగా అలవాటుపడతాయి. ఎముక అంత త్వరగా అలవాటుపడదు. దానికి తోడు తిండి కూడా సరిపోకపోతే ఏమవుతుందో, అలాంటి మనిషిని మళ్లీ పోటీకి ఎలా తీసుకురావచ్చో ఈ ఒక్క కేసులో వరసగా కనిపిస్తుంది. అతని అనుమతి తీసుకునే రాస్తున్నాను. పేరు, ఊరు, ఉద్యోగం, పోటీ వివరాలు తీసేశాను. గుర్తుపట్టే వీలు లేకుండా వయసు, బరువు కూడా కొద్దిగా మార్చాను.

నేపథ్యం

వయసు నలభైకి దగ్గర. రోజంతా కూర్చుని చేసే పని. బరువు తగ్గుదామని సైకిల్ ఎక్కాడు. తర్వాత ఈత నేర్చుకున్నాడు, పరుగు మొదలుపెట్టాడు. రెండు హాఫ్ పోటీలు (1.9 కి.మీ. ఈత, 90 కి.మీ. సైకిల్, 21.1 కి.మీ. పరుగు) పూర్తి చేశాక పూర్తి దూరానికి పేరిచ్చాడు. అంటే 3.8 కి.మీ. ఈత, 180 కి.మీ. సైకిల్, ఆ వెంటనే 42.2 కి.మీ. పరుగు. మొత్తం పూర్తి చేయడానికి మామూలుగా 17 గంటల గడువు ఉంటుంది.

వారానికి 12 నుంచి 14 గంటల ట్రైనింగ్. అందులో మూడొంతులు ఈత, సైకిలే. ఈ వివరం చదివి చాలామంది ఎముకలకు ఇబ్బంది లేదనుకుంటారు. నాకు మాత్రం ఇక్కడే అనుమానం మొదలవుతుంది. నీటిలో ఒంటి బరువు ఎముకల మీద పెద్దగా పడదు. సైకిల్ మీద సీటు మోస్తుంది. గంటలకు గంటలు చెమటోడ్చినా, గట్టిపడమని ఎముకకు కబురు అందదు. అలాంటి మనిషికి మూడు గంటలు పరుగెత్తే దమ్ము ఉంటుంది, అంతసేపు అదురు తట్టుకునే ఎముక ఉండకపోవచ్చు.

వచ్చినప్పుడు ఉన్న సమస్య

కుడి గజ్జల్లో ఏడు వారాలుగా నొప్పి. మొదట్లో లాంగ్ రన్ చివర్లో మాత్రమే వచ్చేది, ఆపగానే తగ్గేది. తొడ లోపలి కండరం పట్టేసిందన్నారు. స్ట్రెచింగ్ చేశాడు, మసాజ్ చేయించుకున్నాడు, కొత్త బూట్లు కొన్నాడు, రెండు వారాలు పరుగు మానేశాడు. నొప్పి పోయింది. మళ్లీ పరుగు మొదలుపెట్టిన వారంలోనే తిరిగొచ్చింది. ఆ తర్వాత పరుగుకి ముందు ఐబుప్రోఫెన్ వేసుకోవడం అలవాటైంది. నా దగ్గరికి వచ్చేసరికి నొప్పి రెండో కిలోమీటరుకే మొదలవుతోంది. రాత్రి పక్కకు తిరిగి పడుకున్నా సలుపుతోంది.

కండరం పట్టేసిన కేసే అయితే మోకాళ్ల మధ్య నా పిడికిలి పెట్టి నొక్కమన్నప్పుడు నొప్పి పుట్టాలి. కండరం ఎముకకు అతుక్కునే చోట వేలితో తాకితే నొప్పి ఉండాలి. ఆ రెండూ లేవు. వెల్లకిలా పడుకోబెట్టి తుంటిని లోపలి వైపు తిప్పితే మాత్రం చివర్లో ముఖం చిట్లించాడు. కుడికాలి మీద నిలబడమంటే నడుం పైభాగం మొత్తాన్ని కుడి వైపుకి వాల్చి నిలబడ్డాడు.

ఇక్కడ మామూలుగా ఒంటికాలి మీద గెంతించి చూస్తారు. నేను గెంతించలేదు. అప్పటికే నా అనుమానం తొడ ఎముక మెడ భాగం మీద ఉంది. తుంటి గిన్నెలో కూర్చునే గుండ్రటి తలకీ, పొడవాటి ఎముకకీ మధ్య ఉండే సన్నని భాగం అది. అక్కడ పగులు ఉంటే ఒక్క గెంతుతో అది పెద్దదయ్యే ప్రమాదం ఉంది. ఆ పరీక్షతో కొత్తగా తెలిసేది కొంచెమే, జరగగల నష్టం చాలా పెద్దది. ఎక్కువ దూరాలు పరుగెత్తే మనిషికి గజ్జల్లో నొప్పి ఉండి, అడుగు పడిన ప్రతిసారీ అది పెరుగుతూ, రాత్రుళ్లు కూడా సలుపుతుంటే, కాదని తేలేవరకు ఎముక దెబ్బగానే చూడాలి. ఆ రోజే చంకకర్రలు ఇచ్చి స్పోర్ట్స్ డాక్టర్ దగ్గరికి పంపాను.

ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదు. అతను ఊపిరి పీల్చుకున్నాడు, కానీ ఈ దెబ్బల్లో తొలి వారాల ఎక్స్‌రే మామూలుగా ఉండటం సర్వసాధారణం. డాక్టర్ ఎమ్మారై తీయించారు. మెడ భాగం కింది అంచున ఎముక మజ్జలో వాపు స్పష్టంగా కనిపించింది. పగులు గీత ఇంకా ఏర్పడలేదు.

కింది అంచా, పై అంచా అన్నదాని మీదే తర్వాతి నిర్ణయాలన్నీ ఆధారపడతాయి. నిలబడినప్పుడు మెడ భాగం వంగే ప్రయత్నం చేస్తుంది. కింది అంచు నొక్కుకుంటుంది, పై అంచు సాగుతుంది. నొక్కుకునే వైపు దెబ్బ సాధారణంగా భారం తగ్గిస్తే మానుతుంది. సాగే వైపు దెబ్బైతే పగులు తెరుచుకునే ప్రమాదం ఎక్కువ, వెంటనే సర్జన్ చూడాలి. ఇతనికి ఆపరేషన్ అవసరం పడలేదు.

మొదటి ప్లాన్, అది ఎందుకు సాగలేదు

మొదటి ఆరు వారాలు చంకకర్రలు. ఇందులో ఒక చిన్న సంగతి చెప్పాలి. చాలామంది దెబ్బ తగిలిన కాలిని నేలకు తాకనివ్వకుండా గాలిలో ఎత్తిపట్టుకుని నడుస్తారు. చూడ్డానికి జాగ్రత్తగానే అనిపిస్తుంది. కానీ కాలిని ఎత్తి ఉంచడానికి తుంటి చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి, ఆ బిగువంతా కీలు మీదే పడుతుంది. అందుకే పాదాన్ని నేలకు తేలిగ్గా ఆనిస్తూ, బరువు చేతుల మీద వేసి నడవడం నేర్పాను.

నొప్పి లేకుండా అడుగు వేయగలిగాక, కాళ్ల మధ్య పుల్ బోయ్ (కాళ్లను నీటిలో తేల్చి ఉంచే ఫోమ్ ముక్క) పెట్టుకుని చేతులతో మాత్రమే ఈత. గోడను కుడికాలితో తన్నకూడదు, కప్ప ఈత వద్దు. ఆ తర్వాత ట్రైనర్ (సైకిల్‌ని కదలకుండా ఉంచి ఇంట్లోనే తొక్కనిచ్చే స్టాండు) మీద బిగించిన సైకిల్, తేలికైన గేరులో, సీటు మీద కూర్చునే.

పదో వారంలో తీసిన ఎమ్మారై అందరినీ నిరాశపరిచింది. వాపు కొద్దిగానే తగ్గింది. నొప్పి లేదు, పరుగు లేదు, ఎముక మాత్రం మానడం లేదు.

ట్రైనింగ్ లాగ్ తెరిచి చూశాం. నొప్పి లేదు కదా అని సైకిల్ సమయం పెంచుకుంటూ వారానికి పది గంటలు దాటించాడు. "మేడం, సైకిల్‌తో ఎముకకు దెబ్బ లేదని మీరే అన్నారు కదా, ఫిట్‌నెస్ పోకూడదనే తొక్కాను" అన్నాడు. అతను చెప్పిన దాంట్లో అబద్ధం లేదు. అదురు లేదన్నది నిజం. కానీ ఖర్చు ఉంది. ఆ ఖర్చుకి తగ్గ తిండి తింటున్నాడా అన్నది అప్పటివరకు లెక్కలోకి రాలేదు. బరువు చూస్తే గాయానికి ముందు సీజన్‌లోనే ఐదు కిలోలు తగ్గాడు. చంకకర్రల మీద ఉన్న రోజుల్లో ఇంకో కిలోన్నర తగ్గాడు.

ఇక్కడ రెండు దారులు కనిపించాయి. ఎముక మీద భారం ఇంకా తగ్గించడం ఒకటి. నాకు అది సబబనిపించలేదు. భారం ఇప్పటికే చాలా తక్కువగా ఉంది, ఇంకా తగ్గిస్తే కండరాలు, ఎముక రెండూ బలహీనపడతాయి. మానడానికి కావలసిన సరుకు అందుతోందా అని చూడటం రెండోది. డైటీషియన్‌ని కలుపుకుని ఆ దారిలో వెళ్లాం.

లెక్క ఎక్కడ తప్పింది

అతను రాసిన డైరీలో ఒక మంగళవారం ఇలా ఉంది. ఉదయం ఐదింటికి బ్లాక్ కాఫీ తాగి ఈతకి. తొమ్మిదిన్నరకు టిఫిన్. పని మధ్యలో హడావిడిగా భోజనం. సాయంత్రం గంటన్నర ట్రైనర్ మీద. రాత్రి "లైట్‌గా". మొత్తం సుమారు 2,350 క్యాలరీలు. వ్యాయామానికి అయిన ఖర్చు సుమారు 1,150. కొవ్వు తీసేస్తే మిగిలే ఒంటి బరువు 58 కిలోలు.

తిన్నదాంట్లోంచి వ్యాయామం ఖర్చు తీసేసి, మిగిలినదాన్ని ఆ 58తో భాగిస్తే కిలోకి 21 క్యాలరీలు కూడా రావు. శరీరం తన మామూలు పనులన్నీ సాఫీగా చేసుకోవాలంటే కిలోకి 45 దాకా మిగలడం మంచిదని, 30 కంటే తగ్గితే హార్మోన్లు, ఎముక దెబ్బతినే అవకాశం పెరుగుతుందని ఈ రంగంలో చెబుతారు. 30 అన్నది గీత గీసినట్టుండే హద్దు కాదు. మగవాళ్లలో ఆ హద్దు ఇంకా అస్పష్టం, పైగా డైరీ లెక్కలు ఎప్పుడూ కొంత అటూఇటూ అవుతాయి. కానీ 21 అంటే అటూఇటూ అనుకున్నా తక్కువే.

అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో వ్యాయామం ఖర్చుకి తగ్గ తిండి అందక శరీరం దెబ్బతినే ఈ పరిస్థితికి రెడ్-ఎస్ అని పేరు పెట్టింది. 2023లో ఆ మార్గదర్శకాలను తిరగరాసింది. ఆడవాళ్లలో నెలసరి తప్పడం ఒక హెచ్చరికగా పనికొస్తుంది. మగవాళ్లలో అంత స్పష్టంగా బయటపడే గుర్తు లేదు, కాబట్టి అడిగి తెలుసుకోవాలి. కోరిక తగ్గిందా, ఉదయం లేచేసరికి అంగస్తంభన ఉండటం తగ్గిందా అని డాక్టర్ అడిగారు. చాలా నెలలుగా రెండూ తగ్గాయన్నాడు. వయసు, పని టెన్షన్ అనుకుని ఎవరికీ చెప్పలేదు. రక్తపరీక్షల్లో టెస్టోస్టెరాన్ మామూలు పరిధికి అట్టడుగున ఉంది, టీ3 అనే థైరాయిడ్ హార్మోన్ తక్కువ, విటమిన్ డి లోపం. ఎముక సాంద్రతను కొలిచే డెక్సా స్కాన్‌లో నడుం వెన్నుపూసల సాంద్రత అతని వయసువాళ్ల సగటు కంటే బాగా తక్కువ.

టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ తీసుకుంటే త్వరగా కోలుకుంటానేమో అని అడిగాడు. డాక్టర్ ఒప్పుకోలేదు. హార్మోన్ తగ్గడానికి కారణం తిండి లోటు, దాన్ని అలాగే ఉంచి హార్మోన్ ఎక్కించడం అర్థం లేని పని. పైగా అది ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) నిషేధ జాబితాలో ఉన్న మందు. విటమిన్ డి మాత్రం ఇచ్చారు.

కష్టమైన సంభాషణ బరువు గురించి జరిగింది. "బరువు పెరిగితే తుంటి మీద ఇంకా భారం పడదా మేడం?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. రెండు మూడు కిలోలు పెరిగితే ప్రతి అడుగుకీ భారం కొద్దిగా పెరుగుతుంది, అది కాదనను. కానీ లోటులో ఉన్న శరీరం ఎముక కట్టే పనిని పక్కన పెట్టేస్తుంది. తేలికైన ఒళ్లు, మరమ్మతు జరగని ఎముక ఉంటే 42 కిలోమీటర్లు రావు. కాగితం మీద లెక్క వేసి చూపించాక గానీ అతను ఒప్పుకోలేదు.

ట్రైనింగ్ గంటల్లో మూడో వంతు కోసేశాం. ఖాళీ కడుపుతో చేసే వ్యాయామం పూర్తిగా మాన్పించాం. తిండిని డైటీషియన్ ఒక్కసారిగా కాకుండా మెట్లు మెట్లుగా పెంచారు. ముఖ్యంగా వ్యాయామానికి ముందు, అయిన వెంటనే. మూడు నెలలకు రెండున్నర కిలోలు పెరిగాడు. కోరిక తిరిగొచ్చిందని తనే చెప్పాడు. తర్వాతి ఎమ్మారైలో వాపు దాదాపు పోయింది.

పరుగు తిరిగి మొదలుపెట్టడం

నొప్పి లేదు, స్కాన్ బాగుంది. అయినా పరుగుకి తొందరపడలేదు. ఎముక తనను తాను బాగు చేసుకునే తీరు పాత రోడ్డును తవ్వి కొత్తది వేసినట్టు ఉంటుంది. ముందు దెబ్బతిన్న భాగాన్ని తొలిచేస్తుంది, దానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ ఖాళీని గట్టి ఎముకతో నింపడానికి నెలలు పడుతుంది. అందుకే భారం పెంచిన మూడు నాలుగు వారాల తర్వాత ఎముక మునుపటికంటే బలహీనంగా ఉండే ఒక దశ వస్తుంది. సరిగ్గా అప్పుడే మనిషికి ఒళ్లు తేలికపడి, బాగైపోయిందనిపించి దూరం పెంచేస్తాడు.

ముందు బలం పెంచాం. తుంటి పక్క కండరాలు, పిరుదులు, పిక్కలు, అన్నింటికీ క్రమంగా పెద్ద బరువులే వాడాం. పక్క కండరాలకు నేను ఎక్కువ సమయం ఇచ్చాను. ఒంటికాలి మీద ఉన్నప్పుడు మెడ భాగం వంగకుండా కాచేవి అవే. అవి అలసిపోతే పై అంచు మీద సాగుడు పెరుగుతుంది. ట్రయథ్లాన్‌లో పరుగు మొదలయ్యేదే 180 కిలోమీటర్లు తొక్కి అలసిన తుంటితో.

ఈ కేసులో అన్నింటికంటే ఎక్కువ పనికొచ్చిన నిర్ణయం ఈ ఆలోచనలోంచే వచ్చింది. ట్రయథ్లెట్లు సైకిల్ దిగి వెంటనే పరుగెత్తే బ్రిక్ సెషన్లు త్వరగా మొదలుపెట్టాలని తహతహలాడతారు. మేం వరస తిరగేశాం. చాలా నెలలు ముందు పరుగు, తర్వాతే సైకిల్. తాజా కండరాలు కాపలా ఉన్నప్పుడే ఎముక భారం మోయడం నేర్చుకోవాలి.

రోజు విడిచి రోజు, చదును నేల మీద, ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక. ముందు వారంలో ఎన్నిసార్లు అన్నది పెంచాం, తర్వాత దూరం, అన్నింటికంటే చివర వేగం. కొంతకాలానికి ఒక పొడవైన పరుగు బదులు ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి పెట్టాం. ఎముకలోని కణాలు కొన్ని అదురులకే స్పందించి, తర్వాతి వాటికి మొద్దుబారతాయి. కొన్ని గంటల విరామం ఇస్తే మళ్లీ స్పందిస్తాయి. నిమిషానికి 162 అడుగులు వేసేవాడు, దాన్ని 172 దగ్గరికి తెచ్చాం. అడుగు చిన్నదైతే తుంటి మీద పడే భారం తగ్గుతుంది.

నొప్పి విషయంలో నియమం కఠినంగా పెట్టాను. టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి భాగం) సమస్యలో కొద్దిపాటి నొప్పితో పని సాగించవచ్చు, మర్నాటికి పెరగకపోతే చాలు. ఎముక దగ్గర ఆ వెసులుబాటు లేదు. గజ్జల్లో లోతుగా చిన్న సలుపు వచ్చినా ఆ రోజు పరుగు అక్కడికి ఆపాల్సిందే. పరుగుకి ముందు మాత్ర అసలే వద్దు. నొప్పిని కప్పేస్తే మనకున్న ఒకే ఒక్క హెచ్చరిక పోతుంది. పైగా గంటల తరబడి సాగే రేసులో అలాంటి మాత్రలు కిడ్నీలకు, ఒంట్లోని సోడియంకు చేటు చేయగలవు.

బ్రిక్ మొదలుపెట్టేముందు ఒక పరీక్ష చేశాం. మూడు గంటలు సైకిల్ తొక్కించి, వెంటనే పరుగెత్తిస్తూ వెనకనుంచి ఫోన్‌లో వీడియో తీశాం. మొదటి పది నిమిషాలు నడుం రెండు వైపులా సమంగా ఉంది. పన్నెండో నిమిషం నుంచి కుడికాలు నేల మీదున్న ప్రతిసారీ ఎడమ తుంటి కిందికి జారింది. తాజాగా ఉన్నప్పుడు అరగంట పరుగెత్తినా అలా జారలేదు. వీడియో చూశాక అతను ఇంకేమీ వాదించలేదు. బ్రిక్ పరుగు పది నిమిషాలతో మొదలైంది. నడుం జారని నిమిషాలు ఎన్ని పెరిగితే పరుగు అన్ని నిమిషాలు పెరిగింది.

పోటీ

పూర్తి దూరం ఎంట్రీని తర్వాతి సీజన్‌కి వాయిదా వేయించాం. మధ్యలో ఒక హాఫ్. దానికి ముందు ఒక కాగితం మీద రాసుకున్నాం: గజ్జల్లో నొప్పి వచ్చి, నడకకు దిగిన రెండు నిమిషాల్లో పోకపోతే రేసు ఆపాలి. అతని భార్య కూడా ఆ కాగితం చదివింది. రేసు మధ్యలో, అలసిపోయి, చప్పట్ల మధ్య నిర్ణయం తీసుకోవడం ఎవరికైనా కష్టం. ఆ భారం ముందే దించేయాలి.

పరుగులో పదమూడో కిలోమీటరు దగ్గర నొప్పి వచ్చింది. నడిచాడు, పోలేదు, ఆపేశాడు. రెండు రోజుల తర్వాత చూస్తే ఈసారి పిడికిలి నొక్కితే నొప్పి పుట్టింది. తొడ లోపలి కండరమే పట్టేసింది. ఎమ్మారైలో ఎముక శుభ్రంగా ఉంది. అనవసరంగా ఆపేశానని అతను చాలా రోజులు బాధపడ్డాడు. నా దృష్టిలో అది సరైన నిర్ణయమే. రోడ్డు మీద నిలబడి కండరమా, ఎముకా అని ఎవరూ తేల్చలేరు. ఆ అనుమానంతో ఇంకో ఎనిమిది కిలోమీటర్లు పరుగెత్తి, ఎముకే అయి ఉంటే, తర్వాతి సీజన్ ఉండేది కాదు.

పూర్తి దూరం రేసుకి సైకిల్ మీద శక్తిని ముందే కట్టడి చేశాం. గంట పాటు నిలబెట్టుకోగల గరిష్ఠ పవర్‌లో 65 నుంచి 68 శాతం మధ్యే తొక్కాలి. గంటకి 70 గ్రాముల కార్బోహైడ్రేట్. అది కడుపులో ఇమిడేలా నెలల ముందునుంచే లాంగ్ రైడ్లలో అలవాటు చేశాం. మారథాన్‌లో మొదటి కిలోమీటరు నుంచే ఎనిమిది నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. అలిసిపోయాక నడిస్తే ఈ లాభం రాదు. పక్క కండరాలు చేతులెత్తేయకముందే వాటికి విశ్రాంతి ఇవ్వడానికి ఆ నిమిషం.

పద్నాలుగున్నర గంటల లోపే పూర్తి చేశాడు. ముప్పయ్యో కిలోమీటరు తర్వాత కడుపులో తిప్పి చాలాసేపు నడిచాడు. గజ్జల్లో నొప్పి రాలేదు.

ఈ కేసు తర్వాత మారినవి

దీర్ఘదూర క్రీడాకారులు ఎవరొచ్చినా, మొదటి రోజే ఉదయం వ్యాయామానికి ముందు ఏం తింటారు, ఏడాదిలో బరువు ఎంత మారింది అని అడుగుతున్నాను. మగవాళ్లనైతే డాక్టర్ అడిగిన ఆ రెండు ప్రశ్నలూ అడుగుతున్నాను. మొదట ఇబ్బందిపడతారు కానీ, కారణం చెప్పి అడిగితే దాదాపు అందరూ జవాబిస్తారు. గాయం రోజుల్లో "ఈత, సైకిల్ చేసుకోండి" అని ఊరుకోవడం లేదు, వారానికి ఎన్ని గంటలో కూడా రాసిస్తున్నాను. నా దగ్గర చేరే యువ ఫిజియోలకు ఆ వీడియో అతని అనుమతితో, ముఖం కనిపించకుండా చూపిస్తాను. తాజాగా ఉన్నప్పుడు చేసే పరీక్షలతో ట్రయథ్లెట్ సంగతి సగమే తెలుస్తుందని వాళ్లకు మాటల్లో చెప్పడం కంటే అది బాగా అర్థమవుతోంది.

రేసు అయ్యాక రెండు వారాలు పరుగు మాన్పించాను. మూడు నాలుగో వారాల బలహీన దశ దాటేదాకా దూరం పెంచనివ్వలేదు. ఏడాది తర్వాత తీసిన డెక్సాలో వెన్నుపూసల సాంద్రత కొద్దిగా మెరుగైంది, ఇంకా సగటు కంటే తక్కువే. బరువులు ఎత్తడం వారానికి రెండు రోజులు సాగుతోంది, డైటీషియన్‌ని సీజన్‌కోసారి కలుస్తున్నాడు. ఇంకో పూర్తి దూరం చేయాలని ఉందంటున్నాడు. తర్వాతి స్కాన్ చూశాకే పేరివ్వాలని డాక్టర్, అతను, నేను కలిసి అనుకున్నాం.